సైకిలెక్కే కళ్లజోడు

కళ్లజోడుకు కొలతలు తీసేటప్పుడు మనల్ని కుర్చీలో నిటారుగా కూర్చోబెడతారు. తల కదపొద్దంటారు, ఎదురుగా చూడమంటారు. ఆఫీసులో, బడిలో, బస్సులో మన తల ఇంచుమించు అలాగే ఉంటుంది కాబట్టి ఆ కొలతలతో పని జరిగిపోతుంది. సైకిలెక్కగానే లెక్క మారిపోతుంది. నడుం ముందుకు వంగుతుంది, మొహం కిందికి దిగుతుంది, కళ్లు మాత్రం కనుబొమల కింద నుంచి పైకి చూస్తుంటాయి. వంపు హ్యాండిల్ ఉన్న రోడ్ బైక్ మీదైతే అద్దం నడిమి భాగంతో మనకు పెద్దగా పనే ఉండదు. పైఅంచుకు దగ్గరగా ఉన్న సన్నటి పట్టీలోంచే రోడ్డంతా చూస్తాం. సైటున్నవాళ్లు సైకిల్ కోసం కళ్లజోడు ఎంచుకోవడమంటే, నా దృష్టిలో, ముందు ఆ పట్టీ గురించి ఆలోచించడం. రంగు, కంపెనీ, ధర ఆ తర్వాత.

ఈమధ్య మా పేటలోని కళ్లజోళ్ల దుకాణానికి వెళ్లాను. పరీక్ష చేసే అమ్మాయి నా ముఖానికి ఫ్రేము పెట్టి, "సార్, తల నిటారుగా పెట్టి నా వంక చూడండి" అంటూ డమ్మీ అద్దాల మీద స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టింది.

"ఇది సైకిల్ తొక్కేటప్పుడు పెట్టుకోడానికమ్మా. సైకిల్ మీద నేనిలా కూర్చోను" అన్నాను.

"మరెలా కూర్చుంటారో చూపించండి సార్."

కుర్చీ అంచుకు జరిగి, మోచేతులు బల్లకు ఆనించి, ఎదుటి గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను. ఆమె పక్కకొచ్చి, తనూ వంగి చూసి, మొదటి చుక్కకు పైన ఇంకో చుక్క పెట్టింది. "చాలా పైకొచ్చింది సార్. ఇక్కడ ఈ ఫ్రేముకు అంచే అడ్డం" అంది. ఇంకాస్త ఎత్తున్న అద్దాలు పట్టే ఫ్రేము తీసింది. చివరికి రెండు చుక్కలకూ నడుమ ఒకచోట ఖాయం చేశాం. సైకిల్ దిగి నడిచేటప్పుడూ కళ్లు చూడాలి కదా, మరీ పైకి పెట్టినా ఇబ్బందే. ఈ పనికి ఎక్కువసేపు పట్టదు. ఏ దుకాణంలోనైనా అడిగి చేయించుకోవచ్చు.

ఆ చుక్కకు అంత విలువ ఎందుకంటే, పవర్ అద్దంలో ఒకే ఒక్క చోటు నుంచి చూసినప్పుడు వస్తువు ఉన్నచోటే కనిపిస్తుంది. అక్కడి నుంచి పక్కకు జరిగేకొద్దీ అద్దం పట్టకంలా పనిచేస్తుంది. ఎంత తోస్తుందో లెక్క సులువు. పవర్‌ను సెంటీమీటర్ల దూరంతో గుణించాలి. మైనస్ 4 అద్దంలో అసలు చుక్కకు ఒక సెంటీమీటరు పైనుంచి చూస్తే 4 ప్రిజమ్‌ల తేడా. అంటే 10 మీటర్ల అవతలి గుంత 40 సెంటీమీటర్లు జరిగి కనిపిస్తుంది. రెండు కళ్లకూ ఒకే పవర్ ఉంటే రెండూ ఒకేలా జరుగుతాయి, మెదడు సర్దుకుంటుంది. ఒక కంటికి 2, ఇంకో కంటికి 5 ఉన్నవాళ్ల అవస్థ వేరు. అదే గుంత ఒక కంటికి ఒక ఎత్తులో, రెండో కంటికి ఇంకో ఎత్తులో కనిపిస్తుంది. రెంటినీ కలిపి ఒకటిగా చూపించడానికి కళ్లు దారిపొడవునా పెనుగులాడతాయి. ఇంటికొచ్చాక తల పగిలిపోతుంటే ఎండ తగిలిందనుకుంటాం. గంటకు 25 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. గుంతను గుర్తుపట్టి బ్రేకు మీద వేళ్లు బిగిసేలోపు ఆ 7 మీటర్లూ అయిపోతాయి. చూపు తడబడడానికి అక్కడ వ్యవధి లేదు.

సైటున్నవాళ్లకు సైకిల్ పందేలేమిటి అనుకునే కుర్రాళ్లకు నేనొక పేరు చెబుతుంటాను. 1968లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన డచ్ రైడర్ యాన్ యాన్సెన్ కళ్లజోడుతోనే తొక్కాడు. ఫ్రాన్స్‌కు చెందిన లోరాఁ ఫిన్యోఁ 1983లో, 84లో వరసగా అదే పందెం గెలిచాడు. కళ్లజోడు వల్లే అతన్ని ‘ప్రొఫెసర్’ అనేవాళ్లు. ముఖానికి చుట్టుకునే పెద్ద ఒంటి అద్దాన్ని ఓక్లీ కంపెనీ ఐషేడ్స్ పేరుతో తెచ్చింది 1984లో. మనం ఇప్పుడు ‘సైక్లింగ్ గ్లాసెస్’ అనగానే గుర్తొచ్చే ఆకారం అక్కడి నుంచి వచ్చిందే. ఆ ఇద్దరూ అది లేకుండానే గెలిచారు.

ఆ చుట్టు అద్దం మీద మోజు సహజం. అందులో సుఖమూ ఉంది. చెరువు కట్ట మీద సాయంత్రం పూట పురుగులు, తొలకరి తర్వాత ఉసిళ్లు, కంకర టిప్పర్ వెనక లేచే దుమ్ము ఏవీ పక్కనుంచి కంట్లో పడవు. కళ్లు నీళ్లు కారవు. చిక్కల్లా పవర్ దగ్గరే. మామూలు ఫ్రేములో అద్దం ముఖానికి ఎదురుగా నిలబడుతుంది. చుట్టు ఫ్రేములో చెవుల వైపు తిరిగిపోతుంది. అలా తిరిగిన అద్దం చీటీ మీద రాసిన పవర్ ఇవ్వదు. మైనస్ 4 అద్దాన్ని 20 డిగ్రీలు తిప్పితే, డాక్టరు రాయని సిలిండర్ పవర్ దాదాపు అర డయాప్టర్ వచ్చి చేరుతుంది. మంచి ల్యాబు దీన్ని ముందే లెక్కగట్టి, విరుగుడుగా వేరే అంకెకు అద్దం అరగదీస్తుంది. అందుకే చుట్టు ఫ్రేముకు అద్దాలు చేయించేవాళ్లు దుకాణంలో ఒక్క మాట అడగాలి: "ఫ్రేము వంపుకు తగ్గట్టు పవర్ సరిచేస్తారా?" అర్థం కానట్టు చూస్తే అక్కడ ఆ ఫ్రేము కొనవద్దు. సరిచేస్తామంటే, తయారైన అద్దం పవర్ కొలిచే మెషీన్‌లో చీటీకి భిన్నమైన అంకె చూపిస్తుందని గుర్తుంచుకోవాలి. అది తప్పు కాదు.

మైనస్ 4 దాటినవాళ్లకు చుట్టు ఫ్రేముల్లో అద్దం అంచులు మందంగా వస్తాయి, పక్కచూపు వంకర్లు పోతుంది. వాళ్లకు దుకాణాలు చూపించే ఇంకో దారి, పెద్ద అద్దం వెనకాల తగిలించుకునే చిన్న పవర్ క్లిప్పు. బయటి అద్దాన్ని ఎండకొకటి, చీకటికొకటి మార్చుకునే వీలుంటుంది, ఖర్చు తక్కువ. కానీ రెండు అద్దాల మధ్య చెమట ఆవిరి చిక్కుకుంటుంది, కనురెప్పల వెంట్రుకలు వెనక అద్దానికి రాసుకుంటాయి. మన ఉక్కపోతలో, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి చోట్ల, నేను దాన్ని సిఫారసు చేయను. ఎక్కువ పవర్ ఉన్నవాళ్లకు నా సలహా మామూలు ఫ్రేమే. తేలిగ్గా ఉండాలి, అద్దాలు ఎత్తుగా ఉండాలి, పైన మందపాటి అంచు ఉండకూడదు, చెవి వెనక కాడ కాస్త ఒంపు తిరిగి పట్టుకోవాలి. నోస్ ప్యాడ్లు రబ్బరువైతే చెమటకు జారవు. ముక్కు మీదికి జారిన కళ్లజోడు చికాకు పెట్టడమే కాదు, ఎక్కువ పవర్‌లో చూపును కూడా కొంత పలచన చేస్తుంది.

కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని, పైన పవర్ లేని చుట్టు అద్దం వేసుకునే పద్ధతి చాలామందికి బాగా నప్పుతుంది. వాటికి నియమం ఒక్కటే, గట్టిగా పాటించాలి: దారిలో దుమ్ము పడిందని కుళాయి నీళ్లతోనో సీసాలో నీళ్లతోనో లెన్సు కడగకూడదు. నీళ్లలో ఉండే అకాంథమీబా అనే సూక్ష్మజీవి నల్లగుడ్డును తినేయగలదు. ఒక్కరోజు వాడి పారేసే లెన్సులు, బ్యాగులో ఒక అదనపు జత, దాంతోపాటు మామూలు కళ్లజోడు ఉంటే భయం లేదు.

అద్దం దేంతో చేశారన్నది నేను బేరం ఆడని విషయం. గాజు అసలొద్దు. మామూలు ప్లాస్టిక్ అద్దంలో చూపు శుభ్రంగా ఉంటుంది, కానీ రాయి తగిలితే పగలొచ్చు. పాలికార్బొనేట్ అంత తేలిగ్గా పగలదు. కార్ఖానాల్లో వాడే రక్షణ కళ్లద్దాలకు అమెరికా ప్రమాణం ప్రకారం 6.35 మిల్లీమీటర్ల ఉక్కుగుండును సెకనుకు దాదాపు 46 మీటర్ల వేగంతో కొట్టి పరీక్షిస్తారు. అలాంటి అద్దాల్లో ఎక్కువగా వాడేది ఈ పదార్థమే. దీని లోపాలూ చెప్పాలి. త్వరగా గీతలు పడుతుంది, అంచుల్లో లైట్ల చుట్టూ రంగుల జాడ కనిపిస్తుంది. ఆ రంగులు భరించలేనివాళ్లకు ట్రైవెక్స్ ఉంది. అది కూడా దెబ్బకు ఓర్చుకుంటుంది, చూపు ఇంకాస్త నిర్మలంగా ఉంటుంది, ధర ఎక్కువ. పెద్ద పవర్ చీటీ చూడగానే కొన్ని దుకాణాలవాళ్లు పలచగా ఉంటుందని 1.74 ఇండెక్స్ అద్దం చేతికిస్తారు. పెళ్లికి పెట్టుకెళ్లడానికి బాగుంటుంది. లారీల పక్కన సైకిల్ తొక్కడానికి నేను తీసుకోను.

రంగు విషయంలో మన ఎండలకు తగ్గ ఆలోచన మనమే చేయాలి. ఎండలో నల్లబడి నీడలో తెల్లబడే అద్దాలను అందరూ మెచ్చుకుంటారు. అతినీల లోహిత కిరణాలు తగిలితే వాటిలోని అణువులు ఆకారం మార్చుకుని నల్లబడతాయి. వేడి ఆ అణువులను తిరిగి మామూలు ఆకారానికి లాగుతుంది. అందుకే చలిదేశంలో బాగా నల్లబడే అద్దం మన మే నెలలో, మనకు బాగా అవసరమైనప్పుడే, అంత నల్లబడదు. నల్లబడినంత తొందరగా తేటపడదు కూడా. హైదరాబాద్‌లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన, నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు వైపు 2023 అక్టోబరులో మొదలైన 23 కిలోమీటర్ల సైకిల్ దారికి సోలార్ పలకలే పైకప్పు. అక్కడ తొక్కేవాళ్లకు నీడ ఎక్కువ. ఇంటి నుంచి అక్కడికి చేరే దారిలో మాత్రం ఎండ, ఫ్లైఓవర్ కింది చీకటి, మళ్లీ ఎండ. అంత తొందరగా మారడం ఆ అద్దం వల్ల కాదు.

నేను తేలికపాటి గోధుమరంగును ఇష్టపడతాను. తారు మీద గుంత అంచును, ఇసుక పొరను అది విడదీసి చూపిస్తుందని నా అనుభవం. తెల్లవారుజామున, రాత్రి పూట ఏ రంగూ లేని అద్దమే మేలు. నల్లగా ఉంటేనే కళ్లకు రక్షణ అని చాలామంది అనుకుంటారు. పాలికార్బొనేట్ రంగు లేకపోయినా అతినీల లోహిత కిరణాలను ఆపుతుంది. రక్షణ పూత లేని చవక నల్లద్దాలే ప్రమాదం, చీకటికి కంటిపాప విచ్చుకుని ఆ కిరణాలను ఇంకా లోపలికి రానిస్తుంది. పోలరైజ్డ్ అద్దాలు మెరుపును చల్లారుస్తాయి, నిజమే. కానీ తడి రోడ్డు మీద ఒలికిన ఆయిల్‌ను పట్టించేది ఆ మెరుపే. సైకిల్ కంప్యూటర్ తెర కూడా కొన్ని కోణాల్లో నల్లగా మాడిపోయినట్టు కనిపిస్తుంది. కాబట్టి వాటిని కారుకు వదిలేస్తాను.

నలభై దాటాక చత్వారం వచ్చి చేరుతుంది. ఇక్కడే ఎక్కువమంది తికమకపడతారు. ప్రోగ్రెసివ్ అద్దంలో దూరపు చూపు పైన, చదివే పవర్ కింద ఉంటుంది. సైకిల్ మీద పైభాగంలోంచే చూస్తాం కనుక రోడ్డు చక్కగానే కనిపిస్తుంది. తల వంచకుండా కళ్లు మాత్రం దించి ముందు చక్రం దగ్గర చూసినప్పుడు, దిగి కాలు కింద పెట్టేటప్పుడు నేల అలుక్కుపోతుంది. చదివే పవర్ మూరెడు దూరంలోని పుస్తకానికి లెక్కగట్టింది, నేలకు కాదు. ఆపై దాని పక్కల్లో చూపు మసక. నాకు నచ్చిన ఏర్పాటు దూరపు పవర్ ఒక్కటే ఉన్న అద్దం, హ్యాండిల్ మీద పెద్ద అంకెలు చూపించే తెర. ట్యూబు పంక్చరైతే వాల్వు చూసుకోవడానికి ఒక చవక చదువు కళ్లజోడు టూల్ సంచిలో పడేస్తే సరి. బ్రెవెట్ అనే సుదూర సైకిల్ యాత్రలకు వెళ్లి రాత్రంతా తొక్కేవాళ్లు, దారిలో మ్యాపు చదవాల్సినవాళ్లు మాత్రం అద్దం అట్టడుగున చిన్న బిళ్లలా చదివే పవర్ వేయించుకోవచ్చు.

సంరక్షణ గురించి ఒకే మాట. దుమ్ము పట్టిన అద్దాన్ని చొక్కా కొసతో తుడవొద్దు. ముందు నీళ్లు పోసి దుమ్ము పోనివ్వాలి, తర్వాతే మెత్తటి గుడ్డ.

ఇంతసేపూ రోడ్ బైకుల గురించే మాట్లాడాను గానీ, మన ఊళ్లలో కళ్లజోడుతో సైకిల్ తొక్కేవాళ్లలో బడిపిల్లలు ఎందరో. తెలంగాణలో కంటి పరీక్షల పథకం కంటి వెలుగు 2018 ఆగస్టు 15న మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో అదే పేరుతో 2019 అక్టోబరులో మొదలైన పథకం ముందుగా బడిపిల్లల కళ్లే పరీక్షించింది. నల్లబల్ల కనిపించక వెనకబడిన పిల్లలకు అలాంటి శిబిరాల్లో వచ్చిన కళ్లజోడు ఎంత మేలో చెప్పక్కర్లేదు. నా కోరికల్లా, పిల్లల కళ్లు పరీక్షించే చోట ఇంకో ప్రశ్న చేర్చాలని: "బడికి ఎలా వస్తావమ్మా?" సైకిల్ మీద అంటే ఆ పాపకు పాలికార్బొనేట్ అద్దాలు, చెవి చుట్టూ తిరిగి పట్టుకునే కాడలు, వాటికి వెనకనుంచి ఒక ఎలాస్టిక్ తాడు ఇవ్వాలి. గతుకుల్లో కళ్లజోడు ఎగిరి పడుతుందని, పగిలితే ఇంట్లో తిడతారని దాన్ని సంచిలో దాచుకుని, సైటున్న కళ్లతోనే మెయిన్ రోడ్డు దాటే పిల్లలు ఉన్నారు. వాళ్లకు ఆ తాడు ఇప్పించడం హెడ్‌మాస్టర్ చేతిలో పని, ఊళ్లో సైకిల్ షాపు అతని చేతిలోనూ పని.