స్వేచ్ఛా కంప్యూటరు పలికే తెలుగు

కంప్యూటరు కొన్నవారు డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకొనేది కంటికి కనబడే తెర, పెట్టె, మీటల పలక. ఈ మూడింటికీ పొందిక కుదిర్చి పని చేయించేది మాత్రం కంటికి కనబడదు. దానిని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. ఏ మీట నొక్కితే ఏ అక్షరం పడవలెనో, ఏ పత్రం డిస్కులో ఎక్కడ ఉండవలెనో, ఏ పనికి ఎంత మెమరీ ఇవ్వవలెనో నిర్ణయించేది అదే. చాలా ఇండ్లలో ఈ పని చేస్తున్నది మైక్రోసాఫ్ట్ సంస్థవారి విండోస్. 2015 జూలైలో వెలువడిన విండోస్ 10కు ఆ సంస్థ 2025 అక్టోబరు 14తో సాధారణ మరమ్మతులను నిలిపివేసింది. నమోదు చేసికొన్న గృహ వినియోగదారులకు కొంత అదనపు గడువు మాత్రం ఇచ్చింది. తరువాతిదైన విండోస్ 11 నడవవలెనంటే టి.పి.ఎం. 2.0 అనే భద్రతా భాగం, సంస్థ ఆమోదించిన ప్రాసెసరు, కనీసం 4 గిగాబైట్ల మెమరీ ఉండవలెను. ఇవి లేని యంత్రం ఎంత చక్కగా పనిచేస్తున్నా పాతదాని క్రిందనే జమ.

అట్టి యంత్రాన్ని పారవేయనక్కరలేదు. స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ వేసికొంటే అది మరికొన్ని సంవత్సరాలు సేవ చేయగలదు. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రణాళికను ప్రకటించినారు. ఫిన్లండులో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ అనే కేంద్ర భాగాన్ని విడుదల చేసినారు. ఈ రెంటి కలయిక మీద డెబియన్, ఉబుంటు, ఫెడోరా మొదలైనవి వెలసినవి. ఇక్కడ స్వేచ్ఛ అనగా వెల లేకపోవడం మాత్రమే కాదు. ఏ పనికైనా వాడుకొనే హక్కు, లోపల ఏమున్నదో చదివే హక్కు, మార్చుకొనే హక్కు, ఇతరులకు పంచే హక్కు అనే నాలుగూ వాడేవారికి ఉండడమే స్వేచ్ఛ. తెలుగువారిలో ఈ కృషికి పేరెన్నికగన్నది 2005లో హైదరాబాదులో ఏర్పడిన స్వేచ్ఛ సంస్థ. భారత ప్రభుత్వ సంస్థ సీడాక్ కూడ 2007లో దేశభాషల కొరకు బాస్ అనే వ్యవస్థను వెలువరించింది.

ఇంటిలోని కంప్యూటరును ఈ మార్గానికి మార్చడం అనుకొన్నంత కష్టం కాదు. ముందుగా పాత పత్రాలు, ఛాయాచిత్రాలు వేరే చోట భద్రపరచవలెను. పిమ్మట కొత్త వ్యవస్థను ఒక పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించి, డిస్కును ముట్టుకోకుండా, దాని నుండే కంప్యూటరును నడిపి చూడవచ్చును. తెర, ధ్వని, వైఫై, ప్రింటరు సరిగా పనిచేస్తున్నవో లేదో అప్పుడే తేలిపోతుంది. తృప్తి కలిగిన తరువాతనే డిస్కు మీద స్థాపించవచ్చును. తక్కువ మెమరీ గల యంత్రాలకు ఎక్స్ఎఫ్‌సీఈ వంటి తేలిక తెరలు ఉన్నవి. ఒక్క హెచ్చరిక అవసరం. 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13 నుండి 32 బిట్ల పాత ప్రాసెసర్లకు ఆ వ్యవస్థను కొత్తగా స్థాపించే సౌకర్యం లేదు.

యంత్రం నడుస్తుందా అనే ప్రశ్న ఈ విధంగా చాలావరకు తీరినట్లే. తీరనిది మరొకటి ఉన్నది. ఈ వ్యవస్థలు తెలుగులో కూడ పలుకుతవి అంటారు గదా, అది ఎట్టి తెలుగు?

ఈ ప్రశ్నను తూచే తూనిక శ్రీకాకుళం, విజయనగరం సీమలోనే ఉన్నది. గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేసినారు. గురజాడ అప్పారావు జీవితం చాలావరకు విజయనగరంలో గడచింది. బడి పుస్తకాల భాష చదివేవారికి తెలిసిన భాష కావలెనని ఆ ఇద్దరూ ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దంలోనే ఉద్యమించినారు. వారిద్దరి పేర్లూ నేడు స్వేచ్ఛా లైసెన్సు గల రెండు తెలుగు అక్షరశైలులకు ఉన్నవి. 2013లో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన గిడుగు, గురజాడ శైలులను సిలికానాంధ్ర సంస్థ అందరికీ అందుబాటులోకి తెచ్చింది. అక్షరాలకు ఆ పేర్లు పెట్టుకొన్నప్పుడు, ఆ అక్షరాలతో కూర్చిన మాటలను కూడ వారి తూనికతోనే తూచడం న్యాయం.

మొదట అక్షరాల సంగతి. ఈ భాగంలో స్వేచ్ఛా వ్యవస్థలను మెచ్చుకొనవలసిందే. యూనికోడ్ అనే అంతర్జాతీయ పట్టికలో తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలున్నవి. “శ్రీకాకుళం” అనే మాటలో కంటికి కనబడేవి నాలుగే అక్షరాలు. కంప్యూటరు దాచుకొనేవి పది సంఖ్యలు. ఒక్క “శ్రీ” కొరకే శకారం 3126, పొల్లు 3149, రేఫ 3120, ఈత్వం 3136 అని నాలుగు సంఖ్యలు కావలెను. ఈ నాలుగింటినీ చేర్చి, క్రారవడిని దాని చోట ఉంచి, ఒకే రూపంగా దిద్దే పని వ్యవస్థ చేస్తుంది. ఇప్పటి స్వేచ్ఛా వ్యవస్థలు దీనిని తప్పు లేకుండా చేస్తున్నవి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన శైలులు డెబియన్ భాండాగారంలో చేరి ఉన్నవి. రెడ్ హాట్ సంస్థ 2004లో విడుదల చేసిన లోహిత్ శైలి కూడ ఉన్నది. టైపు చేయడానికి ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ పలకా ఉన్నది, ఇంగ్లీషు అక్షరాల ఉచ్చారణను బట్టి తెలుగు వచ్చే ఆర్.టి.ఎస్. పద్ధతీ ఉన్నది.

అయినా ఉపాధ్యాయులకు ఒక చిక్కు ఎదురుకావచ్చును. ప్రశ్నపత్రాలు, కరపత్రాలు, పెండ్లి శుభలేఖలు కూర్చే దుకాణాలలో అను వంటి పాత పద్ధతి శైలులు చాలాకాలంగా వాడుకలో ఉన్నవి. వీటిలో తెలుగు రూపాలను ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంఖ్యల క్రింద దాచినారు. ఆ శైలి లేని కంప్యూటరులో ఆ పత్రం తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని గీతలూ గుర్తులూ కనబడుతవి. ఈ లోపం స్వేచ్ఛా వ్యవస్థది కాదు, పాత పత్రాలది. అట్టి పత్రాలు ఉన్నవారు వ్యవస్థను మార్చకముందే వాటిని యూనికోడ్‌లోకి మార్పించుకొనడం మంచిది.

ఇక మాటలు. తెలుగు తెర మీద కనబడే “దస్త్రం” మంచి ఎంపిక. పారసీకం నుండి వచ్చి, కరణాల కాలం నుండి కచేరీలలో నలిగిన మాట అది. కాగితాల కట్టకు వాడినదానిని కంప్యూటరులోని పత్రానికి వాడితే ఎవరికీ అడ్డు తగలదు. “వాడుకరి” కూడ అట్టిదే. వాడుక అనే మాట తెలిసినవారికి అది విడిగా నేర్పనక్కరలేదు. కాని దస్త్రాలు పెట్టుకొనే చోటుకు పెట్టిన “సంచయం” ఈ తూనికకు నిలువదు. పదవ తరగతి విద్యార్థికి సంచిత పౌనఃపున్యం తెలుసును. సంచయమంటే కూడబెట్టినది అని ఊహించగలడేమో కాని, లోపలికి వెళ్ళదగిన ఒక అర అని తోచదు. అతడు రోజూ అనే మాట ఫోల్డరు. ఆ మాటనే తెలుగు లిపిలో వ్రాస్తే పోయేది లేదు. రైలు, బస్సు, స్టేషను అనే మాటలను గుమ్మంలోనే ఆపని భాష ఫోల్డరును ఆపనక్కరలేదు.

కఠినమైన మాట కన్న నిలకడలేని మాట ఎక్కువ కీడు చేస్తుంది. లోపలికి ప్రవేశించేటప్పుడు అడిగే గుప్త పదానికి ఒక కార్యక్రమంలో “సంకేతపదం”, మరొకదానిలో “రహస్యపదం”, వేరొకదానిలో “అనుమతిపదం” కనబడుతవి. కష్టపడి ఒకటి నేర్చుకొన్నవారికి రెండవది కొత్త వస్తువు వలె తోస్తుంది. భౌతికశాస్త్రంలో ఒక పాఠంలో వేగమనీ, మరొక పాఠంలో జవమనీ ఒకే రాశిని పిలిస్తే విద్యార్థి గతి ఏమగునో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు.

మాటలను మించిన లోపం వాక్యాలలో ఉన్నది. కంప్యూటరు తన వాక్యాలలో పేరు వచ్చే చోటును ఖాళీగా ఉంచుకొని, సమయానికి అందులో పేరును దింపుతుంది. ఇంగ్లీషులో పేరు మారదు కాబట్టి చిక్కు లేదు. తెలుగులో విభక్తి పేరును బట్టి మారుతుంది. పలాసను అంటారు, బొబ్బిలిని అంటారు, విజయనగరాన్ని అంటారు. ఒకే ద్వితీయ మూడు చోట్ల మూడు విధాలుగా వచ్చింది. అనువాదకుడు ఖాళీ ప్రక్కన “ను” అని అతికిస్తే, తెర మీద “విజయనగరం ను తొలగించాలా?” అని పడుతుంది. ఉత్తరాంధ్రలోనే కాదు, తెలుగుదేశంలో ఎక్కడా ఎవరూ ఇట్లు మాటాడరు. దీనికి మందు తెలుగులోనే ఉన్నది. “విజయనగరం అనే దస్త్రాన్ని తొలగించాలా?” అని వ్రాస్తే ఏ పేరు వచ్చినా వాక్యం చెడదు. అట్లే “తెరువబడలేదు”, “భద్రపరచబడినది” అనే కర్మణి ప్రయోగాలు ఇంగ్లీషు వాక్యానికి నీడలు. “తెరవడం కుదరలేదు”, “భద్రపరిచాం” అంటే ఇల్లాలికీ బడిపిల్లకూ ఒక్కసారే అర్థమగును.

మూడవ లోపం అసంపూర్తి. పై వరుస తెలుగులో ఉండి, దాని క్రింద తెరుచుకొనే పట్టిక ఇంగ్లీషులో ఉండడం తరచు కనబడుతుంది. గ్నోమ్ వంటి తెరలకు ఆరు నెలలకొకసారి కొత్త సంచిక వస్తుంది, దానితో కొత్త వాక్యాలు వస్తవి. తెలుగు చేసేవారు స్వచ్ఛంద సేవకులు, వారి సంఖ్య స్వల్పం. వాక్యాలు పెరిగినంత వేగంగా చేతులు పెరగలేదు.

ఉద్యోగాలన్నీ ఇంగ్లీషు కంప్యూటర్లతోనే గదా, ఇంటిలో తెలుగు తెర ఎందుకు అని ఒక ఆక్షేపణ కలదు. అది తోసివేయదగినది కాదు. పై చదువులకు పోయే విద్యార్థికి ఇంగ్లీషు పదాలు తప్పక రావలెను. స్వేచ్ఛా వ్యవస్థలో ఒకే కంప్యూటరు మీద ఒక్కొక్కరికి ఒక్కొక్క భాష పెట్టుకొనవచ్చును కాబట్టి, కొడుకు ఇంగ్లీషులో, తల్లి తెలుగులో పని చేసికొనడానికి ఆటంకం లేదు. తెలుగు అత్యవసరమయ్యేది ఆపద వేళ. డిస్కును చెరిపివేయనా అని యంత్రం అడిగినప్పుడు, ప్రశ్న అర్థంకాక అవునని మీట నొక్కినవారి పంట లెక్కలూ పిల్లల ఫోటోలూ ఒక్క క్షణంలో పోవచ్చును. ఆ ఒక్క వాక్యమైనా ఇంటిలో అందరికీ తెలిసే భాషలో ఉండవలెను. తప్పు తెలుగులో ఉన్నా ప్రమాదం తగ్గదు.

ఇన్ని లోపాలు చెప్పిన తరువాత కూడ ఈ వ్యవస్థలనే మేలనడానికి కారణం ఉన్నది. మూసిన వ్యవస్థలో ఒక మాట తప్పుగా ఉంటే దానిని దిద్దే అధికారం తయారుచేసిన సంస్థ ఒక్కదానికే ఉన్నది. స్వేచ్ఛా వ్యవస్థలో అనువాదాలు విడి ఫైళ్ళలో, సాధారణ పాఠంగా ఉంటవి. ఒక వరుసలో ఇంగ్లీషు వాక్యం, దాని క్రింది వరుసలో తెలుగు వాక్యం. ప్రోగ్రాములు వ్రాయడం రాకపోయినా, రెండు భాషలు చక్కగా వచ్చినవారు దానిని దిద్ది ఆ ప్రణాళిక అనువాద బృందానికి పంపవచ్చును. వారు సరిచూసి ఒప్పుకొంటే తరువాతి సంచికలో ఆ దిద్దుబాటు ప్రపంచంలోని తెలుగువారందరి తెర మీదికీ వస్తుంది.

ఈ హక్కు విలువ తెలుగు కన్న చిన్న భాషల విషయంలో మరింత స్పష్టమగును. పూర్వపు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కొండ ప్రాంతాలు 2022 నుండి చాలావరకు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నవి. అక్కడి సవరల భాషను గిడుగు స్వయంగా నేర్చి, తెలుగు లిపిలో వాచకాలు వ్రాసి, బడులు పెట్టించినారు. ఆ భాషకు వారు వ్రాసిన వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం ప్రచురించింది. సవరలకు 1936లో మంగేయి గొమాంగో కల్పించిన సొరాంగ్ సొంపెంగ్ అనే లిపి కూడ ఉన్నది. దానికి 2012లో యూనికోడ్ పట్టికలో చోటు లభించింది. కొనేవారు కొద్దిమంది అయిన భాషలో తెరను తయారుచేయడం వ్యాపార సంస్థకు గిట్టుబాటు కాకపోవచ్చును. స్వేచ్ఛా వ్యవస్థలో మాత్రం సవర తెలిసిన నలుగురు ఉపాధ్యాయులు పూనుకొంటే, ఎవరి అనుమతీ అడుగకుండా ఆ పని మొదలుపెట్టవచ్చును.

కాబట్టి కంప్యూటరు గది గల ప్రతి ఉన్నత పాఠశాలకూ ఇక్కడ చేయదగిన పని ఉన్నది. మూలబడిన ఒక యంత్రం మీద స్వేచ్ఛా వ్యవస్థను తెలుగులో స్థాపించి, తొమ్మిదవ తరగతి పిల్లల చేత వారం రోజులు పని చేయించవలెను. అర్థంకాని ప్రతి మాటనూ, తెలుగు గాని ప్రతి వాక్యాన్నీ వారు పుస్తకంలో వ్రాసికొనవలెను. తెలుగు ఉపాధ్యాయులూ సైన్సు ఉపాధ్యాయులూ కలిసి కూర్చుండి, పిల్లలు నోటితో అనే మాటలు ఏవో విని, వాటితో ఆ పట్టికను దిద్ది పంపవలెను. తరువాతి సంచికలో తమ మాట తెర మీద కనబడినప్పుడు, కంప్యూటరు తమది కూడ అన్న సంగతి ఆ పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు.