తెరమీది తుపాకికి బరువుండవలెను

రష్యా దర్శకుడు అలెక్సేయ్ బలబానొవ్ 1997లో స్వల్పవ్యయముతో తీసిన ‘బ్రాత్’ అను నేరకథాచిత్రమును హైదరాబాదు పుప్పాలగూడలోని మా యింట రాత్రివేళ మరల మరల చూచునప్పుడెల్ల, నా దృష్టి కథానాయకుని ముఖమునకన్న అతని చేతులపైననే నిలుచుచుండును. చెచెన్యా యుద్ధమునుండి తిరిగివచ్చిన దనీలా బగ్రోవ్ అను ఆ యువకుడు, సైన్యములో తాను కార్యాలయపు గుమాస్తాగా వ్రాతపని చేసితినని అడిగినవారికి చెప్పుచుండును. కాని ప్లాస్టిక్ సీసాతో తుపాకి చప్పుడును అణచునప్పుడును, వేటతుపాకి గొట్టమును రంపముతో కోయునప్పుడును, తడబాటెరుగని ఆ వ్రేళ్లు ఆ మాట అబద్ధమని మనకు తెలియజేయును. యుద్ధమును గూర్చి ఏమియు చెప్పకయే నటుడు సెర్గేయ్ బోద్రోవ్ ఆ పాత్రలో ఒక యుద్ధమును మన కన్నులయెదుట నిలిపినాడు.

తెరపై ఆయుధము నమ్మదగినదగుటకు దాని శక్తిని చూపినంతమాత్రమున చాలదనియు, దాని పరిమితులను దర్శకుడు గౌరవింపవలెననియు నా దృఢవిశ్వాసము. మకారొవ్ పిస్తోలులో పట్టునవి 8 తూటాలు. పాతకాలపు నగాన్ రివాల్వరులో 7. కలాష్నికొవ్ తుపాకి సాధారణపు మ్యాగజైనులో 30, ఆ ముప్పదియు మీట వదలక నొక్కిపట్టినచో సుమారు మూడు సెకనులలో నిశ్శేషమగును. మన చిత్రములలో నాయకుడు మ్యాగజైను మార్చక నిమిషముల తరబడి కాల్చుచుండగా ప్రేక్షకునికి భయము పోవును. భయము పోయినతోడనే ఆ నాయకుని సాహసమునకును విలువ పోవును. తూటాలు అయిపోయిన క్షణము కదా అసలు నాటకము మొదలగు క్షణము! దానిని మనము చేజేతుల జారవిడుచుకొనుచున్నాము.

రివాల్వరునకు సైలెన్సరు బిగించిన దృశ్యములను మన గూఢచారి చిత్రములలో ఎన్నోమారులు చూచితిని. సాధారణమైన రివాల్వరులో తూటాల చక్రమునకును గొట్టమునకును నడుమ సన్నని సందు ఉండును. ఆ సందునుండియే చప్పుడు వెలికివచ్చును గనుక సైలెన్సరు వలన ప్రయోజనము స్వల్పము. 1895 నాటి నగాన్ రివాల్వరు మాత్రము ఇందుకు మినహాయింపు. దానిలో చక్రము ముందునకు జరిగి ఆ సందును మూసివేయును. ఇట్టి సూక్ష్మములు ప్రేక్షకునికి తెలియకపోవచ్చును. అయినను, తెలిసి తీసిన దృశ్యమునకును తెలియక తీసిన దృశ్యమునకును గల అంతరమును అతని మనస్సు పసిగట్టకపోదు.

ధ్వని సంగతియు నట్టిదే. పుప్పాలగూడ, కోకాపేట పరిసరములలో మేడల పునాదులకై బండలను పేల్చునప్పుడు, ఆ అదురు గాలిద్వారా చెవికి సోకుటకు ముందే పాదముల క్రింది నేలద్వారా దేహమునకు సోకును. ఆ పిమ్మట మిగిలిన గుట్టలు ఆ నాదమును మరల మనకు అప్పగించును. దూరమున ప్రేలిన తుపాకి మంట ముందు కనబడి, చప్పుడు దాదాపు 340 మీటర్లకు ఒక సెకను చొప్పున వెనుకబడి వినబడవలెను. సినిమాలో రెండును ఒక్కమారే వచ్చును.

ఆయుధమును లెక్కించుట మనకు పరాయివిద్య కాదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై దాడిచేసిన అల్లూరి సీతారామరాజు 26 తుపాకులను, 2,500కు పైబడిన తూటాలను స్వాధీనము చేసికొని, ఆ వివరము ఠాణా పుస్తకమున వ్రాసి సంతకముచేసి వెడలెనని ప్రసిద్ధి. మన్యమున అవి ఎంత దుర్లభములో ఎరిగినవాడు గనుకనే అంత లెక్క! ఆ కథను నటుడు కృష్ణ 1974లో చిత్రముగా తీయుచుండగా దర్శకుడు వి. రామచంద్రరావు నడుమనే మరణింపగా, పోరాటఘట్టములను పూర్తిచేసినవాడు కె.ఎస్.ఆర్. దాస్, మూడేండ్లకు ముందు ‘మోసగాళ్లకు మోసగాడు’ తీసి తెలుగుతెరకు కౌబాయి తుపాకిని పరిచయము చేసినవాడును ఆయనయే.

2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ చిత్రములో వందలకొలది తుపాకులు కలవు. అయినను నా మనస్సున నిలిచినది వానిలో ఒక్క తూటాయే. బిడ్డకై విలపించు గోండుతల్లిపై గురిపెట్టిన సిపాయిని గవర్నరు స్కాట్ ఆపి, ఆంగ్లదేశమున తయారై సప్తసముద్రములు దాటివచ్చిన ఆ తూటా ఖరీదెంతయో చెప్పి, ఈమెపై దానిని వ్యర్థము చేయవలదనును. సిపాయి చెట్టుకొమ్మతో ఆమె తలపై మోదును. మనిషి ప్రాణము తూటాకన్న చవుకయని పరాయి ప్రభుత్వము తలచిన సంగతిని ఇంతకన్న స్పష్టముగ చెప్పిన దృశ్యమును నేను తెలుగులో చూడలేదు. చివర ఆ మాటయే తిరిగివచ్చి దొరను కూల్చునప్పుడు హాలు దద్దరిల్లుటకు హేతువు, దర్శకుడు రాజమౌళి ఆ తూటాకు మొదటనే ఒక మూల్యమును నిర్ణయించుటయే.

తూటాకు మూల్యము తెరవెనుకను కలదు. 2021 అక్టోబరులో అమెరికాలోని న్యూ మెక్సికోలో ‘రస్ట్’ చిత్రీకరణవేళ, ప్రాణహాని లేదనుకొన్న రివాల్వరులో నిజమైన తూటా ఉండుటచేత ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ మరణించినది. ఇట్టి ప్రమాదములను తలచి పలువురు నిర్మాతలు గొట్టపు మంటను కంప్యూటరుపై చిత్రించుటకు మొగ్గుచున్నారు. ఇది సర్వథా సమర్థనీయము. ఏ దృశ్యమును ఒక ప్రాణమునకు సాటిరాదు. కాని మంటను తరువాత చేర్చవచ్చును గాని, నటుని భుజమున లేని అదురును తరువాత చేర్చుట ఎంతటి నిపుణునికిని కష్టము. తేలికపాటి ఫైబరు బొమ్మను పట్టిన చేయి తేలికగనే కదలును.

కావున మన దర్శకులకును ఫైటు మాస్టర్లకును నా విన్నపము: నటుని చేతికి అసలు తుపాకియంత బరువుగల నమూనానే ఈయుడు, స్క్రిప్టులో సంభాషణలవలెనే తూటాలనుగూడ లెక్కించి వ్రాయుడు, సెట్టుపై ఆయుధములకు బాధ్యత వహించి, ప్రతి దినము వానిని పరీక్షించి అప్పగించు వ్యక్తి యెవరో, ఆతని పేరును ఛాయాగ్రాహకుని పేరుతోపాటు టైటిల్సులో వేయుడు.