ఐదు తీగలు, అరవై ఏళ్ల స్నేహం

రాక్ బ్యాండు రోలింగ్ స్టోన్స్ 2023 అక్టోబరులో ‘హ్యాక్నీ డైమండ్స్’ ఆల్బమ్ విడుదల చేసేనాటికి మిక్ జాగర్‌కు ఎనభై నిండాయి, కీత్ రిచర్డ్స్‌కు నిండబోతున్నాయి. సొంత పాటలతో వాళ్ల ఆల్బమ్ వచ్చి అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఈ వయసులో కొత్తగా ఏం వినిపిస్తారన్న సందేహం సహజమే. అయితే ఆ పాటల్లో చెవిపెట్టి వినవలసింది పనితనాన్ని. కలిసి వాయించీ వాయించీ అలవడిన ఆ విద్య ఏ ఒక్కరి చేతిలోనూ పూర్తిగా ఉండదు.

ఇద్దరిదీ ఇంగ్లండ్‌లోని డార్ట్‌ఫర్డ్. చిన్నప్పుడు ఒకే బడిలో చదివి, విడిపోయి, 1961లో ఆ ఊరి రైల్వే స్టేషన్‌లో మళ్లీ కలిశారు. జాగర్ చేతిలో చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ రికార్డులున్నాయి. మరుసటి ఏడాదే బ్యాండు మొదలైంది. మడ్డీ వాటర్స్ పాట పేరే బ్యాండుకు పెట్టుకున్నారు. అమెరికా నల్లజాతి కళాకారుల బ్లూస్‌ను వాళ్లు రికార్డులు వింటూనే వంటబట్టించుకున్నారు.

అలా జిమ్మీ రీడ్ రికార్డులు వింటూ రిచర్డ్స్, బ్యాండులోని మరో గిటారిస్టు బ్రయన్ జోన్స్ పట్టుకున్న కిటుకు రెండు గిటార్ల అల్లిక. మామూలుగా రాక్ బ్యాండులో ఒకరు లయ నడిపిస్తే మరొకరు సోలో వాయిస్తారు. వీళ్ల దగ్గర ఆ హద్దు చెరిగిపోతుంది. ఒకరు ఆగిన చోట మరొకరు అందుకుంటారు. 1975లో రోనీ వుడ్ వచ్చి చేరాక ఆ అల్లిక మరింత చిక్కబడింది. 1978 నాటి ‘బీస్ట్ ఆఫ్ బర్డెన్’లో ఏ స్వరం ఎవరిదో విడదీసి చెప్పడం కష్టం.

రిచర్డ్స్ శ్రుతి చేసుకునే తీరు కూడా ప్రత్యేకమే. 1960ల చివర నుంచి చాలా పాటలకు గిటారు ఆరు తీగల్లో అన్నిటికన్నా లావుదాన్ని తీసేసి, మిగతా ఐదింటినీ ‘ఓపెన్ జీ’లో పెడతాడు. మన స్వరాల్లో చెప్పాలంటే కింద నుంచి పైకి స, ప, స, గ, ప. ఆరో తీగ ఉంటే అడుగున పంచమం మోగేది; అది లేదు కాబట్టి షడ్జమమే పునాది. వేలు పెట్టకుండా మీటినా నిండు కార్డ్, అంటే స్వరాల గుత్తి, పలుకుతుంది. ఒక్క వేలు అడ్డంగా వేస్తే ఇంకో కార్డ్. నొక్కని తీగలు తంబురాలా వెనక మోగుతూనే ఉంటాయి. ‘హాంకీ టాంక్ విమెన్’, ‘స్టార్ట్ మి అప్’ పాటల్లోని ఆ మోటైన గిటారు నాదం ఇలా పుట్టిందే.

డ్రమ్స్ దగ్గర చార్లీ వాట్స్‌ది ఇంకో పద్ధతి. హై-హ్యాట్ తాళాల మీద వరసగా దెబ్బలు పడుతుండగా రెండు, నాలుగు మాత్రలకు స్నేర్ డ్రమ్ మోగించడం రాక్‌లో రివాజు. వాట్స్ సరిగ్గా ఆ రెండు చోట్లా హై-హ్యాట్ నుంచి చెయ్యి ఎత్తేసేవాడు. దాంతో స్నేర్ దెబ్బ ఒంటరిగా, స్పష్టంగా వినిపించేది. నడకకు ఒక ఊపు వచ్చేది. పైగా చాలా బ్యాండ్లు డ్రమ్మర్ వెంట నడిస్తే, ఇక్కడ డ్రమ్మర్ రిచర్డ్స్ గిటారు వెంట నడిచాడు.

వాట్స్ 2021 ఆగస్టులో కన్నుమూశాడు. ‘హ్యాక్నీ డైమండ్స్’లో రెండు పాటల్లో ఆయన వాద్యమే ఉంది. ‘లివ్ బై ద స్వోర్డ్’లో, ఏనాడో బ్యాండు వదిలిన బేస్ వాద్యకారుడు బిల్ వైమన్ కూడా వచ్చి కలిశాడు. మిగతా పాటల్లో ఎక్కువ వాటికి డ్రమ్స్ వాయించిన స్టీవ్ జోర్డాన్ పేరును సూచించింది స్వయంగా వాట్సే. ఆల్బమ్ చివర జాగర్, రిచర్డ్స్ ఇద్దరే మడ్డీ వాటర్స్ పాట అందుకుంటారు.

ఎంతటి విద్వాంసులను పోగేసినా ఇలాంటి పొందిక ఒక్క రోజులో కుదరదు. పక్కవాడు ఎక్కడ ఆగుతాడో ముందే పసిగట్టే చెవి స్వరలిపి చూసి వచ్చేది కాదు, ఏళ్ల తరబడి సావాసంతో వచ్చేది. అందుకే పాత మిత్రులు కొత్త పాట తెస్తే, వెనకటి హిట్లతో తూకం వేసి పక్కన పెట్టకండి. మొదటిసారి పాట వినండి. రెండోసారి ఎవరు ఎవరికి చోటిస్తున్నారో వినండి. ఆ చోటివ్వడమే వాళ్లు జీవితమంతా నేర్చుకున్నది.