బేరము తెగకముందు

కొత్తగా కట్టిన అపార్టుమెంటులో ఫ్లాటు కొనబోవువారు తమ శక్తియంతయు చదరపుటడుగు ధరపైననే వెచ్చింతురు. బిల్డరు మాత్రము ఆ యొక్క అంకెను తప్ప మిగిలినవానిలో దేనినైనను సడలించుటకు సిద్ధముగా నుండును. అడుగు ధర బహిరంగమైనది. ఒకరికి రెండువందలు తగ్గించినచో నిన్న కొన్నవారు నిలదీయుదురు, రేపటివారు అక్కడినుండియే బేరమారంభింతురు. అందుచేతనే హైదరాబాదు పడమటి శివారులలో, తెల్లాపూరు మొదలుకొని నార్సింగి వరకు, ఏ సేల్స్ ఆఫీసున కేగినను "రేటు మా చేతుల్లో లేదండి" అను మాటయే మొదట వినబడును.

బంధుమిత్రులకు తోడుగా అట్టిచోట్ల కూర్చుండిన మీదట, అడుగవలసిన మొదటి ప్రశ్న కార్పెట్ ఏరియా ఎంత యనునదే యని నాకు దృఢముగా తోచినది. 1,500 అడుగుల సూపర్ బిల్టప్ ఫ్లాటు అడుగు 6,500 చొప్పున 97,50,000 రూపాయలనుకొందము. బాల్కనీలను, బయటి గోడలను, మెట్లను, లిఫ్టు చోటును తీసివేయగా మిగులునది 1,050 అడుగులైనచో, మనమిచ్చుచున్న ధర అడుగునకు సుమారు 9,286 రూపాయలు. రెండు వెంచర్లను సరిపోల్చుటకు ఈ రెండవ అంకెయే ఆధారము.

ఆపైన ఫ్లోర్ రైజ్, తూర్పు ఫేసింగు, కార్నరు, పార్కింగు, క్లబ్‌హౌస్, కార్పస్ ఫండ్ అని వేరువేరుగా వచ్చి చేరును. వీనిలో పైకప్పు లేని పార్కింగు స్థలమును 2016 నాటి రెరా చట్టము ఉమ్మడి భాగములలో చేర్చినది గనుక, దానికి విడిగా వెల కట్టినచో నిస్సంకోచముగా ప్రశ్నింపవచ్చును. తూర్పు వాకిలిపై మనవారికి గల మక్కువ వలన ఇతర ముఖముల ఫ్లాటులు వెనుకబడి మిగిలిపోవుట కలదు. వాస్తు పట్టింపు లేనివారికి అచ్చటనే బేరమునకు బలము.

మా మేనకోడలు ఇట్టి సందర్భమున గొంతు పెంచలేదు. "అన్నీ కలిపి ఒక్క కాగితం మీద రాసివ్వండి బాబూ" అని అడిగి, ఆ కాగితమును నిదానముగా చదివి, "రేటు అలాగే ఉండనివ్వండి. ఫ్లోర్ రైజూ, క్లబ్‌హౌసూ తీసెయ్యండి, టోకెన్ ఈరోజే ఇస్తాం" అన్నది. సేల్స్ ఆఫీసులోని యువకుడు లోపలి గదికేగి వచ్చి మొదటిదానిని పూర్తిగాను, రెండవదానిని సగమును తగ్గించెను. అడుగు ధర చెక్కుచెదరలేదు; ఇరువురి గౌరవమును నిలిచినది. ఇంతటి నేర్పుగల బేరమును నేను అరుదుగా చూచితిని.

కాలము కూడ గమనింపదగినదే. గృహప్రవేశములు లేని ఆషాఢమున కొనువారు పలుచబడుదురు గనుక అప్పుడు మన మాట వినువారుందురు. నిర్మాణములోనున్న ఇంటికి 2019 ఏప్రిల్ 1 నుండి జీఎస్టీ 5 శాతము, సరసమైన గృహములకు 1 శాతము. పై ఫ్లాటునకు అది 4,87,500 రూపాయలగును. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన పిమ్మట అమ్ముదానికి ఈ పన్ను లేదు. అయితే ఆ మినహాయింపును రేటులోనే కలిపివేసిరా యని విచారించుట అవసరము.

రిజిస్ట్రేషన్ విలువ తగ్గించి మిగిలినది చేతికిమ్మను ప్రతిపాదన వచ్చినచో, అది ఎంత లాభముగా కనబడినను, లేచి వచ్చుటయే మేలని నా దృఢాభిప్రాయము. అది చట్టవిరుద్ధము, పైగా వివాదము పుట్టినచో లెక్కకెక్కని సొమ్మును తిరిగి రాబట్టుట దుర్ఘటము.

రిజిస్టరైన అమ్మకపు ఒప్పందము లేనిదే పదిశాతమునకు మించి పుచ్చుకొనుటకు బిల్డరునకు రెరా చట్టరీత్యా అధికారము లేదు. కనుక నోటిమాటగా ఒప్పుకొన్న తగ్గింపులు, పార్కింగు నంబరు, అప్పగించు తేదీ మున్నగునవన్నియు ఆ పత్రములో చేరినవని చూచుకొనిన తరువాతనే పెద్ద మొత్తమునకు చెక్కు వ్రాయవలెను. ఇల్లు స్వాధీనమైన ఐదేండ్ల లోపల కట్టడమున లోపము బయటపడి తెలియజేసినచో, ముప్పది దినములలో ఉచితముగా సరిచేయు బాధ్యతను ఆ చట్టమే బిల్డరుపై మోపినది. దానిని తన ఔదార్యముగా చూపి, అందుకై రేటు తగ్గింపనని పలుకు అమ్మకందారునితో ఏకీభవింపవలసిన పని యెంతమాత్రమును లేదు.