కోయి కొలను కట్టే చేయి

బోయకొండ గంగమ్మ నీడన ఉన్న మా చౌడేపల్లె వైపు బోరు నీటి విలువ తెలియనివాళ్లు లేరు. అలాంటిచోట పెరట్లో కోయి చేపలకు కొలను కట్టే మేస్త్రీ పనితనం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. 2 అడుగుల దాకా పెరిగే చేపకు మండుటెండలోనూ చల్లని అడుగు దొరకాలని గుంతను 4 అడుగుల లోతు తవ్విస్తాడు. గోడలు నిటారుగా లేపుతాడు. వాలుగా ఉంటే కొంగ దిగి కాపు కాస్తుంది. నీళ్లు ఎక్కడా మురగకూడదని మూలలు గుండ్రంగా తిప్పుతాడు. మడ్డి అంతా నడుమనున్న గొట్టంలోకి జారేలా నేలకు వాలు పెట్టి, తాపీతో నునుపు చేస్తాడు. కొత్త సిమెంటు ఘాటు మొప్పలకు చేటు కాబట్టి కొలను నింపి, కొన్నాళ్లు నిలవుంచి, పారబోసి, మళ్లీ నింపుతాడు. పక్కనే గులకరాళ్లు నింపిన వడపోత తొట్టి. ఆ రాళ్లకు పట్టిన బాక్టీరియా చేపలు వదిలే అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తుంది. అది కుదురుకోవడానికి వారాలు పడుతుంది. అందుకే మొదట రెండు మూడు చేపలే వదలమంటాడు. తొట్టి కడిగిన నీళ్లను కూడా టమాటా మొక్కలకు మళ్లిస్తాడు. నైట్రేటు వాటికి ఎరువే కదా! సాయంత్రం పిడికెడు మేత చల్లగానే ఎరుపూ తెలుపూ పసుపూ పైకి లేచి వస్తాయి. ఇంటి అవ్వ, బడినుంచి వచ్చిన పిల్లలు గట్టుమీదే కూర్చుండిపోతారు. ఆ నీళ్లలో అంత తేటదనం ఉందంటే, అడుగున ఎవరికీ కనబడని ఆ వాలు పుణ్యమే.