బాల్సా రెక్క, గుమ్మఘట్ట గాలి

నైరుతి మబ్బులు పడమటి కనుమలు దాటేసరికి తడి చాలావరకు అక్కడే రాలిపోతుంది. గుమ్మఘట్ట, రాయదుర్గం మెట్టలకు చేరేది ఎక్కువగా వట్టి గాలే. ఆ గాలిని నమ్ముకునే 1990లలో అప్పటి అనంతపురం జిల్లాలోని రామగిరి కొండల మీద గాలిమరలు లేచాయి. ఇప్పటి గాలిమరల రెక్కలను చూసి అంతా ఫైబరే అనుకుంటాం. కానీ చాలా రెక్కల్లో ఫైబర్ గ్లాస్ పొరల మధ్య బాల్సా అనే చెక్క ఉంటుంది. రేడియోతో ఎగిరే బొమ్మ విమానం కిట్టు విప్పినా చేతికి తగిలేది అదే.

బాల్సా ఎక్కువగా ఈక్వడార్‌ నుంచి వస్తుంది. ఘనమీటరు టేకు సుమారు 650 కిలోలుంటే ఇది 160 కిలోల దగ్గర తూగుతుంది. 1940లో తొలిసారి ఎగిరిన బ్రిటిష్ యుద్ధవిమానం మస్కిటో ఒంటిని బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య దీన్ని ఇరికించే కట్టారు. 2020 ప్రాంతంలో గాలిమరల కంపెనీలు ఎగబడి కొనడంతో బాల్సా ధర మండిపోయింది. ఆ సెగ బొమ్మ విమానాల వాళ్లకూ తగిలింది.

ఈ బొమ్మ విమానాల సరదా కొత్తది కాదు: అమెరికాలో వాల్టర్, విలియం గుడ్ అనే కవలలు ఇంట్లో కట్టిన ‘గఫ్’ అనే విమానంతో 1938లో జాతీయ రేడియో విమానాల పోటీ గెలిచారు. ఇక్కడి విద్యార్థులకు ఇందులోకి తెరిచి ఉన్న దారి ఎన్‌సీసీ ఎయిర్ వింగ్. బొమ్మ విమానాలు కట్టి ఎగరేసే ఏరోమోడలింగ్ వాళ్ల శిక్షణలో భాగం. వాయు సైనిక్ క్యాంపులో దానికి పోటీలూ ఉంటాయి.

విమానం కట్టే పని మొదలయ్యేది బల్ల దగ్గర. అసలు కొలతల్లో గీసిన ప్లాన్ కాగితాన్ని పరిచి, జిగురు అంటకుండా పైన పలుచని ప్లాస్టిక్ కప్పి, గీతల మీదే రెక్కకు ఆకారమిచ్చే అడ్డపలకలను, అంటే రిబ్బులను, గుండుసూదులతో నిలబెడతారు. బల్ల వంకరైతే రెక్కా వంకరే. అలాంటి రెక్క ఒక పక్కకు లాగుతుంది. రిమోట్‌లో ట్రిమ్ సరిచేసినా, వేగం మారగానే ఆ గుణం మళ్లీ బయటపడుతుంది.

చెక్క ఎంపికలోనే సగం పనితనం ఉంది. దుంగను ఒక తీరుగా కోస్తే వచ్చే పలక మెత్తగా వంగుతుంది; రెక్క ముందంచుకు చుట్టడానికి అది కావాలి. ఇంకో తీరుగా కోసిన పలక మీద వెండి మచ్చలు మెరుస్తాయి. వంచితే పుటుక్కున విరుగుతుంది, కానీ బిగుసుకుని నిలబడుతుంది కనుక రిబ్బులకు అదే సరైనది. రెక్క పొడవునా పైనొకటి, కిందొకటి స్పార్ కర్రలు వెళ్తాయి. విమానం లేచినప్పుడు పైకర్ర నొక్కుకుంటుంది, కిందికర్ర సాగబోతుంది. వాటి మధ్య నార నిలువుగా ఉండేలా అతికించిన పలుచని చెక్క రెండింటినీ దూరంగా పట్టి ఉంచుతుంది. ఒత్తిడి ఎక్కువ ఉండే రెక్క మొదట్లో ఇది తప్పనిసరి; కొసల్లో మానేసి బరువు మిగుల్చుకోవచ్చు. గాలిమర రెక్క లోపలి కట్టుబడికీ ఇదే సూత్రం.

జిగురు దగ్గరే కొత్తవాళ్లు దెబ్బతింటారు. రిబ్బులకు ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు చాలు. మోటారు బిగించే ప్లైవుడ్ గోడకు ఎపాక్సీ కావాలి. అవసరానికి మించి పూస్తే పెరిగేది బరువే. తోకలో ఒక్క గ్రాము పెరిగితే, తోక పొడవు వల్ల ముక్కులో రెండు మూడు గ్రాములు చేర్చాల్సి వస్తుంది. రెక్క వెడల్పులో ముందంచు నుంచి నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య వేళ్లు పెట్టి ఎత్తితే విమానం సమంగా నిలవాలి. తోక వాలితే ఎగరేయకూడదు.

ఆపైన రంగు ఫిల్మును ఇస్త్రీతో అతికిస్తారు. రాయలసీమ ఎండలో మూసిన కారులో వదిలేస్తే అది ముడతలు పడుతుంది. మోటారును నడిపే లిపో బ్యాటరీని అలా వదలడం ఇంకా ప్రమాదం.

ఆషాఢ గాలికి మీటరున్నర రెక్కల తేలికపాటి విమానం ఎదురీదలేక నిలిచిన చోటే ఊగుతుంది. శెనక్కాయ పీకేశాక బయలైన చేలల్లో, చలికాలపు పొద్దున ఎగరేయడం మేలు. దూరంగా గాలిమరలుంటే గాలి ఎటు నుంచి వస్తోందో వాటి మొహాలే చెబుతాయి. దిగేటప్పుడు అటే తిరగాలి. సరదాకు ఎగరేసే మోడళ్లకు 2021 డ్రోన్ నిబంధనలు టైప్ సర్టిఫికెట్ అడగవు. కంటికి ఆనేంత దూరంలోనే ఉంచమంటాయి.

విమానం నడపడం నేర్చుకోవడానికైతే ఫోమ్ విమానమే నయం: కొన్న రోజే ఎగురుతుంది, రాలినా పెద్దగా బాధుండదు. చెక్క విమానం కూలితే నెలల పని కళ్ల ముందే చితుకుతుంది. అయితే దేని వెనక ఏముందో కట్టినవాడికి తెలుసు. ఫిల్ము కోసి, విరిగిన రిబ్బు తీసేసి, ప్లాన్ మీంచి కార్బన్ కాగితంతో కొత్తది గీసి, బ్లేడుతో కోసి అతికిస్తాడు. అందుకే విమానం పూర్తయ్యాక కూడా ప్లాన్‌ను చుట్టి అటక మీద దాస్తారు.