ట్రాక్టరు ట్రైలరు: తూకము ఒక్కటే చాలదు

ఎద్దుల బండి తోలు రైతుకు యంత్రశాస్త్రములో ఒక పాఠము తెలియును. సరకు ఇరుసునకు కొంచెము ముందుండవలెను. వెనుకకు జరిగినచో కాడి పైకి లేచి ఎద్దుల గొంతులు బిగియును. ముందు మితిమీరినచో మెడలు పుండ్లు పడును. తప్పు జరిగినట్లు ఎద్దు వెంటనే తెలుపును. ట్రాక్టరు తెలుపదు. రెండు చక్రముల ట్రైలరు వాడుకలోని పెద్ద లోపమిదియే.

కర్నూలు, కడప సీమలలో ఈ లోపము నాపరాళ్ళ రవాణాలో బయటపడును. 2022లో నంద్యాల జిల్లాలో చేరిన బేతంచెర్ల, కడప జిల్లాలోని ఎర్రగుంట్ల ఈ రాతికి పేరొందినవి. రాయి ఘనమీటరు సుమారు 2,600 కిలోలు తూగును. శెనక్కట్టె తొట్టినంతయు నింపును. రాయి అడుగున కొంత పరచుకొనగనే బరువు చాలును. కనుక ఎచ్చట పేర్చవలెనన్నది ప్రశ్న. దించుట సుళువని వెనుక తలుపు దగ్గర పేర్చినచో ఏమగును?

ట్రైలరు మొత్తము 3,000 కిలోలు, దాని గరిమనాభి ఇరుసునకు 30 సెంటీమీటర్లు ముందు, ఇరుసు నుండి హుక్కునకు 3 మీటర్లు అనుకొనుడు. హుక్కుపై 300 కిలోల బరువు పడును. అది ట్రాక్టరు పెద్ద చక్రములను నేలకు అదిమి పట్టునిచ్చును. గరిమనాభి ఇరుసునకు 15 సెంటీమీటర్లు వెనుకకు పోయినచో 150 కిలోల బలము హుక్కును పైకెత్తును. చక్రముల పట్టు సడలును. దానితో బ్రేకు శక్తియు తగ్గును.

మీటల పాఠము ఇచ్చటనే ముగిసినచో అది సగము పాఠమే. రాళ్ళను నడుమ పేర్చక రెండు కొసలకు పంచినను హుక్కుపై అదే 300 కిలోలు రావచ్చును. కాని గుంతలో పడి ప్రక్కకు ఊగ నారంభించిన ట్రైలరు ఇప్పుడు సులభముగా ఆగదు; దాని జడత్వ భ్రామకము హెచ్చినది. ఊగులాట తగ్గక పెరుగుటకు ఒక వేగపు హద్దు కలదు. బరువు వెనుకకు పోయిన కొలది, కొసలకు చేరిన కొలది ఆ హద్దు దిగివచ్చును.

హుక్కు స్థానమును ముఖ్యమే. అది ట్రాక్టరు వెనుక ఇరుసునకు ఎంత దూరమున్నచో, ప్రక్కకు త్రోయు బలమునకు అంత పొడవైన మీట దొరకును. కడప–రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాటు వంటి చోట బ్రేకులేని ట్రైలరు దిగుడులో ట్రాక్టరును ముందుకు నెట్టును. మలుపులో ఏటవాలుగా నెట్టి త్రిప్పివేయగలదు. సరకు ట్రైలరులో మనుషుల నెక్కించుట చట్టవిరుద్ధము. మనుషులు కదలెడి బరువు గనుక శాస్త్రవిరుద్ధమును.

లావుపాటి పిన్ను దీనికి మందు కాదు. ట్రైలరునకు బ్రేకు, తొట్టి ప్రక్కన ఇరుసును చూపు రంగుగీత కావలెను. గీతకగు ఖర్చు స్వల్పము.

ఉపాధ్యాయులు చిన్న బండి నొగను స్ప్రింగు త్రాసునకు వ్రేలాడదీసి, రెండు రాళ్ళను మొదట నడుమను, పిదప చెరియొక కొసను సమదూరమున ఉంచవచ్చును. త్రాసు ఒకే అంకె చూపును. నొగ పట్టుకొని బండిని అటునిటు ఊపిన చేతికి మాత్రము భేదము తెలియును.